అరవై నాలుగో చావు

అమెరికా సైన్యం చేతిలో మా తాత చచ్చినన్ని సార్లు ఈ భూమ్మీద ఏ దేశమూ చావలేదు. వంతెన మీద చచ్చాడు, జలాంతర్గామిలో చచ్చాడు, ఒంటె మీంచి పడి చచ్చాడు, ఒకసారి ఒంటె ఆయన మీద పడి చచ్చాడు. పదకొండు దేశాల యూనిఫారాల్లో చచ్చాడు, అందులో ఒకటి ఏ దేశానిదో దర్శకుడికే తెలియదు. హాలీవుడ్‌లో ఎవరైనా దేశభక్తి సినిమా తియ్యాలనుకుంటే ముందు పెద్ద జెండా ఒకటి కుట్టించేవాళ్ళు, ఆ తర్వాత గర్బిస్ కెషిషియాన్‌కి ఫోన్ చేసేవాళ్ళు. ఆయన పడితేగాని ఈ దేశం లేచి నిలబడేది కాదు.

సినిమాల్లోకి రాకముందు గర్బిస్ చెప్పులు కుట్టేవాడు. వచ్చాక కూడా కుట్టేవాడు. బేరూత్‌లో బుర్జ్ హమ్మూద్ అని అర్మేనియన్ల పేట ఉంది, అక్కడ పన్నెండో ఏట సుత్తి పట్టుకున్నాడు. యుద్ధం వచ్చాక పెళ్ళాన్నీ రెండు పెట్టెల్నీ వెంటబెట్టుకుని కాలిఫోర్నియాలో గ్లెండేల్ చేరి, బ్రెడ్డు కొట్టు పక్కన చిన్న గదిలో దుకాణం పెట్టాడు. ఒకరోజు డొలోరెస్ అనే ఆవిడ వ్యాన్ నిండా రష్యన్ బూట్లు తెచ్చి దించింది. సినిమాలకి దుస్తులు చూసే మనిషి. అడుగులు వేయించడానికి వచ్చి, బూట్ల సంగతి మర్చిపోయి, ఈయన గుబురు కనుబొమ్మల్నీ నల్లగడ్డాన్నీ చూస్తూ నిలబడిపోయింది.

"ఏమయ్యా, నీకు చావడం వచ్చా?" అంది.

"ఏంటమ్మా?"

"చావడం. సినిమాలో. తుపాకీ మోగగానే పడాలి. మధ్యాహ్నం భోజనం వాళ్ళే పెడతారు."

గర్బిస్ కాసేపు ఆలోచించి, "మా వాడొకడున్నాడు, వాణ్ణీ తెచ్చుకోనా?" అని అడిగాడు. తన జన్మలో ఇంతకంటే వెధవ ప్రశ్న ఇంకోటి అడగలేదని ఆ తర్వాత నలభై ఏళ్ళు చెప్పుకున్నాడు.

ఆ 'మా వాడు' జావెన్ తుతున్‌జియాన్. బుర్జ్ హమ్మూద్‌లో ఒకే మేస్త్రి దగ్గర, ఒకే బల్ల మీద పని నేర్చుకున్నవాళ్ళు. జావెన్‌వి పిల్లికళ్ళు, పచ్చగా మెరుస్తుండేవి. చెప్పులు గర్బిస్ కుడితే, కొన్న ఆడవాళ్ళు జావెన్‌కి చెప్పి వెళ్ళేవాళ్ళు బాగున్నాయని. ఆ మంట అప్పటిది. గర్బిస్ సముద్రం దాటుతూ అన్నీ వదిలేసి వచ్చాడుగాని దాన్ని మాత్రం భద్రంగా తెచ్చుకున్నాడు. ఏడాది తిరక్కుండా జావెన్ కూడా వెనకాలే వచ్చి అదే వీధిలో దిగాడు.

మొదటి సినిమాలో ఇద్దరూ రష్యన్లు. ఒకే మంచుగుంటలో పక్కపక్కన చచ్చారు. ఆ మంచు నిజానికి ఉప్పు. చచ్చిన రెండో నిమిషంలో గర్బిస్‌కి ముక్కు దురద పెట్టింది, గోక్కున్నాడు. మెగాఫోను పట్టుకున్నతను "ఆ గడ్డం శవాన్ని బయటికి పంపండి" అని అరిచాడు. పక్కన జావెన్ కళ్ళు మూసుకునే కిసుక్కుమన్నాడు, వాణ్ణి ఎవరూ చూడలేదు. ఆ రోజు గర్బిస్ ఒట్టు పెట్టుకున్నాడు. దర్శకుడు 'కట్' అనేదాకా చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి. ఆ తర్వాత ఎడారిలో చీమలు చెవిలో దూరినా, ఒక గుర్రం వచ్చి మొహం నాకినా కదల్లేదు.

పడటం కూడా అలాగే ఒంట్లోకి ఎక్కేసింది. తుపాకీ చప్పుడు చెవిన పడిందంటే మెదడుకి చెప్పకుండానే మోకాళ్ళు మడతపడేవి. జూలై నాలుగున బాణసంచా చూడ్డానికి వెళ్తే మా నాయనమ్మ అజ్నీవ్ ఆయన బెల్టు గట్టిగా పట్టుకుని కూచునేది. ఇది సినిమాల్లో నేర్చిన విద్యని ఆయన గొప్పలు చెప్పుకునేవాడు. అంతకు ముందే బేరూత్ యుద్ధంలో మేడమెట్ల మీద నేర్చుకున్నాడని నాయనమ్మ అనేది. ఆ మాటొస్తే ఆయన లేచి సుత్తి వెతుక్కునేవాడు.

రష్యా కూలిపోయిందని టీవీలో చెప్పినప్పుడు వీధంతా సంబరపడితే, గర్బిస్ మాత్రం మూణ్ణెల్లు ఏ ఫోనూ రాక దిగులుగా కూచున్నాడు. తర్వాత శత్రువులు ఎడారికి మారారు. ఈయన బూట్లు విప్పి తోలు చెప్పులు తొడుక్కున్నాడు, గడ్డం ఇంకాస్త పెంచాడు, పని మళ్ళీ దొరికింది. జావెన్‌కి మాత్రం కష్టం వచ్చింది, ఎడారి శత్రువుకి పిల్లికళ్ళు నప్పవన్నారు. గర్బిస్ లోలోపల పండగ చేసుకున్నాడు. ఆ పండగ రెండు వారాలుంది. మూడోవారం జావెన్‌కి గడ్డం గీయించి, తెల్లకోటు తొడిగి, అమెరికా యుద్ధనౌకలో డాక్టరుగా నిలబెట్టారు. అప్పట్నించి వాడు ఇటుపక్కకి రాలేదు. విలేకరి అయ్యాడు, పాదిరీ అయ్యాడు, మంత్రి వెనక ఫైలు పట్టుకున్నాడు. పాతికేళ్ళు దాటినా ఒక్కసారి కూడా చావలేదు.

"ఆ వెధవకి జెండాలో ఎన్ని గీతలున్నాయో కూడా తెలీదే," అని గర్బిస్ పెళ్ళాం దగ్గర వాపోయేవాడు. అది అబద్ధం కాదు. పౌరసత్వం పరీక్షలో అదే ప్రశ్న అడిగితే జావెన్, "కుట్టినవాణ్ణి బట్టి ఉంటుందండీ" అన్నాడు. రెండుసార్లు తప్పాడు. మూడోసారికి దుకాణం బల్ల మీద కూచోబెట్టి, సుత్తితో కొట్టి కొట్టి పదమూడు గీతలూ యాభై చుక్కలూ నేర్పి పాస్ చేయించింది గర్బిసే.

గర్బిస్ మాత్రం మొదటిసారే, ఒక్క తప్పు లేకుండా పాసయ్యాడు. బాల్కనీలో జెండా కట్టాడు, వాన పడితే తడవకుండా లోపల పెట్టేవాడు. తను చచ్చిన సినిమాలన్నీ డబ్బిచ్చి థియేటర్లో చూసేవాడు. తను చచ్చే చోట జనం చప్పట్లు కొడితే అందరికంటే ముందు తనే కొట్టేవాడు. ఆఖర్న జెండా లేచి, బాకాలు మోగి, సైనికులు వరసగా నిలబడి సెల్యూట్ చేస్తుంటే చీకట్లో కన్నీళ్ళు కారిపోయేవి. అరవై రెండు చావుల తర్వాత ఆయనకి మిగిలిన కోరిక ఒక్కటే. ఒక్క సినిమాలో, ఆఖరి సీన్లో, ఆ జెండా కింద నుదుటికి చెయ్యి ఆనించి ప్రాణాలతో నిలబడాలి. డెబ్భై ఒకటి వచ్చాయి, మోకాలికి ఆపరేషన్ తేదీ కూడా పడింది. ఇక మిగిలింది ఒక్క సినిమాయే.

ఆ ఒక్క సినిమాకి ఫోన్ వచ్చినప్పుడు గర్బిస్ రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈసారి శత్రువు వేషం కాదట. పల్లెటూరి ముసలాడు, మంచివాడు. దాహంతో వచ్చిన అమెరికా సైనికులకి కుండలో నీళ్ళు తెచ్చిస్తాడు. చీకటి గుమ్మంలో కదలిక చూసి ఒక కుర్ర సైనికుడు పొరపాటున కాలుస్తాడు. పక్కన కూచుని ఏడుస్తాడు. చావు ఎలాగూ తప్పలేదు గాని, ఈ చావుకి ముందు ఒక మాట ఉంది. "తాగండి నాయనా, దూరం నుంచి వచ్చారు."

వారం రోజులు ఇంట్లో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. కూజా పట్టుకుని వంటింట్లోంచి వస్తూ అనేవాడు, అద్దం ముందు అనేవాడు, చెప్పులు తీసుకోవడానికి వచ్చినవాళ్ళతో అనేవాడు.

"నాకు ఒక్క గ్లాసు నీళ్ళిచ్చి నలభై ఏళ్ళయింది," అంది నాయనమ్మ. "వాళ్ళకి మాత్రం కుండ నిండా మోసుకెళ్తాడట."

ఆదివారం చర్చి అయ్యాక రొట్టెల కొట్టు ముందు జావెన్ కలిశాడు. పొయ్యిలోంచి తీసిన లహ్మజూన్ అనే కీమా రొట్టె మీద నిమ్మకాయ పిండుకుంటున్నాడు.

"ఏరా గర్బిస్, ఈసారి ఎన్ని తూటాలు?"

"నాకు మాటలున్నాయి."

"చావకముందా, చచ్చాకా?"

"నీ బతుకంతా సినిమాల్లో ఒక్క మాటైనా మాట్లాడావట్రా నువ్వు?"

"నాకెందుకురా మాటలు," అని జావెన్ మాంసం ముక్క నమిలి, నిదానంగా చెప్పాడు. "అదే సినిమాలో ఆఖరి సీన్లో నన్నూ పెట్టారు. మాజీ సైనికుడు. మెడల్స్ కూడా ఇస్తారట. జెండాకి సెల్యూట్ కొట్టాలి."

గర్బిస్ కొన్న రొట్టె బల్ల మీదే వదిలేసి నడిచాడు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. "వాడి మోకాలి చిప్పైనా అరగలేదు, ఏం మాజీ సైనికుడు!" అని గోడతో అన్నాడు. మళ్ళీ తనకి మాట ఉందని గుర్తొచ్చి కాస్త కుదుటపడ్డాడు.

షూటింగు రోజు ఊరికి ఉత్తరాన కొండల్లో చెక్కతో కట్టిన పల్లె. కొండ మీద నాలుగు హెలికాప్టర్లు వరసగా ఉన్నాయి, నిజమైనవి, సైన్యం ఉచితంగా పంపినవి. వాటితోపాటే మేజర్ వుడ్రఫ్ అని ఒక అధికారి కూడా వచ్చాడు. కుర్చీలో కూచుని కథ కాగితాలు చదువుతున్నాడు. గర్బిస్ కుండలో నిజంగానే నీళ్ళు నింపుకుని గుమ్మం వెనక తయారుగా నిలబడ్డాడు. అంతలో మేజర్ లేచి దర్శకుడి దగ్గరికొచ్చాడు.

"ఈ పేజీ నా దగ్గరికి రాలేదు."

"నిన్న రాసిందండీ."

"మావాళ్ళు నీళ్ళిచ్చే ముసలాణ్ణి కాల్చరు."

"పొరపాటున సార్. ఆ కుర్రాడు తర్వాత ఏడుస్తాడు కూడా."

"పొరపాటున కూడా కాల్చరు. ఇదుంటే నేను వాటిని వెనక్కి తీసుకెళ్ళాల్సొస్తుంది," అని కొండ వైపు చూపించాడు. చెడ్డవాడేం కాదు. గర్బిస్ దగ్గరికొచ్చి భుజం తట్టి, "మీమీద కోపంతో కాదు పెద్దాయనా" అన్నాడు.

దర్శకుడు హెలికాప్టర్ల వైపు చూశాడు, గర్బిస్ వైపు చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. కథ రాసేవాణ్ణి పిలిచారు. వాడు అక్కడే చెక్కపెట్టె మీద కూచుని నాలుగు నిమిషాల్లో కథ సరిచేశాడు. ఇప్పుడు ముసలాడు మంచివాడు కాదు. కుండలో ఉన్నవి నీళ్ళు కావు, బాంబు. మాట తీసేశారు, దాని బదులు ఒక అరుపు పెట్టారు.

"కుండలో నీళ్ళున్నాయి సార్," అన్నాడు గర్బిస్. "నేనే పోసుకొచ్చాను."

"పారబోయమను," అన్నాడు దర్శకుడు పక్కవాడితో.

అది వినిపించలేదో, విననట్టు నటించాడో, గర్బిస్ నిండుకుండతోనే బయటికొచ్చి చచ్చాడు. కుండ పగిలి నీళ్ళు గుమ్మంలో పారాయి. ఖాళీ కుండతో మళ్ళీ తీశారు. అది అరవై మూడో చావు.

తర్వాతి ఆదివారం జావెన్ రొట్టెల కొట్టు ముందు మాజీ సైనికుల టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. అలవాటు కావాలని ముందే ఇచ్చారట. చుట్టూ పదిమంది. కొట్టువాడు డబ్బు తీసుకోకుండా రొట్టె పెట్టాడు. గర్బిస్ పక్కనుంచి పోబోతుంటే పిలిచాడు.

"ఒరేయ్, గురువారం నన్ను షూటింగుకి దింపు. కంటి ఆపరేషనయ్యాక డాక్టరు కారు నడపొద్దన్నాడు."

"నేనేమన్నా నీ డ్రైవర్నట్రా?"

"ఎడారిలో పాత విమానాల మైదానం. వందమంది ముసలాళ్ళు కావాలట, ఎండకి భయపడి చాలామంది మానేశారు. ఇంకా ముగ్గురు తక్కువట." జావెన్ పిల్లికళ్ళు గర్బిస్ గడ్డం మీద ఆగాయి. "గడ్డం లేనివాళ్ళు."

వేళాకోళానికే అన్నాడు. కాని గురువారం పొద్దున నాయనమ్మ స్నానాలగది తలుపు తీసి, లోపల ఎవరో మగవాడు నిలబడి ఉన్నాడని కెవ్వుమని అరిచింది. నలభై ఏళ్ళ గడ్డం వాష్ బేసిన్లో ఉంది.

"ఇదేం పనయ్యా! ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది అదేగా!"

"తినడం అయిపోయింది," అన్నాడు గర్బిస్. గడ్డం కింద దాక్కున్న చుబుకం పసిపిల్లాడి దానిలా తెల్లగా ఉంది. నాయనమ్మ కోపంగానే కాసిని కోలోన్ నీళ్ళు అరచేతిలో పోసుకుని దానికి రాసింది.

కారులో జావెన్ గంటన్నరసేపు ఈ కొత్త మొహాన్ని చూసి నవ్వుతూనే ఉన్నాడు. మైదానంలో దిగగానే గర్బిస్ తిన్నగా డొలోరెస్ లారీ ఎక్కాడు. ఆవిడ ముందు పోల్చుకోలేదు, గొంతు విన్నాక తల పట్టుకుంది.

"గర్బిస్, నిన్ను మొన్ననే కదయ్యా చంపాం! ఈ సినిమాలో చచ్చినవాడు ఇదే సినిమాలో ఎలా లేస్తాడు? తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"డొలోరెస్, నా చొక్కాలకి ఎన్ని తూటా కన్నాలు పెట్టి ఉంటావు నువ్వు?"

"నాకేం గుర్తు."

"ఒక్క చొక్కా కన్నం లేకుండా ఇయ్యి."

ఆవిడ కోట్ల వరసలోకి చెయ్యి పెట్టింది. నీలం కోటు తీసి తొడిగింది, మూడు మెడల్స్ గుచ్చింది, టోపీ కిందికి లాగింది. బూట్లు మాత్రం ఆయనవే, తను అడుగులు కుట్టుకున్నవి. "అందరూ వరసలోకి వెళ్ళేదాకా ఇక్కడే నక్కి కూచో. ఆ ఫొటోల ఆవిడ కంట పడకు," అంది. ఫొటోల ఆవిడంటే ఏ సీన్లో ఎవరు ఎలా ఉన్నారో గుర్తుకోసం ఫొటోలు తీసి పెట్టుకునే మనిషి. బయట అందరినీ కూచోబెట్టి ఏమేం జరుగుతుందో వివరంగా చెబుతున్నారు. గర్బిస్ అదేమీ వినకుండా కోట్ల మధ్య నక్కి ఉన్నాడు. జరగాల్సింది అక్కడే జరిగిపోయింది.

మిట్టమధ్యాహ్నం వరసలో నిలబడ్డాడు. ఫొటోల ఆవిడ ఎదురుగా వచ్చి ఆగింది, కాగితాలు తిప్పింది, మొహంలోకి చూసింది, టోపీ వంకరగా ఉందని సరిచేసి వెళ్ళిపోయింది. మా అపార్ట్‌మెంటు గోడంత జెండా స్తంభం మీదికి లేచింది. రాక్షసుల్లాంటి ఫ్యాన్లు తిరిగాయి, జెండా విప్పుకుని రెపరెపలాడింది. "మీరు చూస్తున్నది గుడ్డ కాదు, మీ కన్నకొడుకు!" అని దర్శకుడు మెగాఫోన్లో అరిచాడు. గర్బిస్ చెయ్యి నుదుటికి చేరింది. ఫ్యాను గాలికి ఇసుక కొడుతున్నా కళ్ళు మూయలేదు.

ఆ సుఖంలో కూడా ఒక ముల్లుంది. జావెన్ పక్కనే ఉన్నాడు, ఒకడుగు ముందుకి, కెమెరాకి ఒకడుగు దగ్గరగా. పైగా పెదవులు కదలకుండా "మోచెయ్యి ఎత్తరా" అని గొణుగుతున్నాడు. గర్బిస్ బూటుని బెత్తెడు ముందుకి జరిపాడు. కాసేపాగి ఇంకో బెత్తెడు. జావెన్‌తో సమానమయ్యేదాకా జరిపి, హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడే, పొద్దున అందరికీ చెప్పినట్టే, అమరులకి గౌరవంగా, ఏడుగురు సైనికులు ఏడు తుపాకులు ఒక్కసారి గాలిలోకి పేల్చారు.

తాత పడిపోయాడు.

నేలకి తగిలాక గాని ఏం జరిగిందో ఆయనకే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేవాలనుకున్నాడు. కాని దర్శకుడు 'కట్' అనలేదు. అననంతవరకు కదలకూడదు. నలభై ఏళ్ళ ఒట్టది. కళ్ళు మూసుకుని, ఊపిరి కడుపులోనే దాచుకుని పడుకున్నాడు.

"గర్బిస్!" పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు జావెన్. "ఏరా! గర్బిస్! ఒరేయ్, లేవరా గాడిదా!"

రెండోసారి తుపాకులు మోగాయి. గర్బిస్ కదల్లేదు.

"వేళాకోళం చెయ్యకురా. అజ్నీవ్‌కి నేనేం చెప్పను? లే... నా టోపీ తీసుకో, నా చోటు తీసుకో, ముందు లే. దేవుడా, ఎండలో వీణ్ణి ఎందుకు తెచ్చాను నేను!" గుండెల మీద చెయ్యి పెట్టి చూశాడు. కోటు మందంగా ఉంది, ఏమీ తెలియలేదు. వేడినీళ్ళలాంటివి టపటపా గర్బిస్ చెంప మీద, కొత్తగా గీసిన చుబుకం మీద పడ్డాయి. "నువ్వే గొప్పరా. వింటున్నావా? ఆ ఉప్పు గుంటలో పడ్డప్పుడే నాకు తెలుసు, నీలా నాకు రాదని. అందుకే నేను చావడం మానేశాను. నువ్వే గొప్ప, చాలా? లే!"

ఈ మాట కోసం గర్బిస్ దాదాపు అరవై ఏళ్ళు కాచుకున్నాడు. అది ఇప్పుడొచ్చింది, చచ్చి ఉన్నప్పుడు. లేచి 'మళ్ళీ చెప్పరా' అని గట్టిగా, వందమందీ వినేలా చెప్పించుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పెదవి కూడా కదపలేదు. మూడోసారి తుపాకులు మోగాయి. కెమెరా నిదానంగా ముందుకి దొర్లుతున్న చప్పుడు తల పక్కనే వినిపించింది.

"కట్!" అన్నాడు దర్శకుడు.

గర్బిస్ లేచి కూచుని ముక్కు గోక్కున్నాడు.

జావెన్ తన టోపీ తీసి ఆయన నెత్తిన నాలుగు బాదాడు. "నీ చావు చావ! నిజంగా చావరా నువ్వు!" అంటూ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. దర్శకుడు పరుగున వచ్చి జావెన్‌ని కౌగలించుకున్నాడు. జెండాని చూసి ఇంతలా కదిలిపోయిన మనిషిని తన జన్మలో చూడలేదన్నాడు.

జనం తగ్గాక మేజర్ వుడ్రఫ్ నీళ్ళ సీసాతో వచ్చి గర్బిస్ ముందు వంగాడు. "తాగండి పెద్దాయనా. ఎండ దెబ్బ తగిలినట్టుంది."

గర్బిస్ సీసా అందుకుని ఎత్తి వెలుతురులో చూశాడు. "ఇందులో నీళ్ళేనా సార్?"

"మిమ్మల్ని ఎక్కడో చూశాను," అన్నాడు మేజర్.

"చాలామంది అంటారు సార్. కాల్చాక గుర్తొస్తుంది."

మేజర్‌కి గుర్తొచ్చింది. మొహంలో తెలిసిపోయింది. వెనక్కి తిరిగి ఫొటోల ఆవిడ వైపు చూశాడు, మళ్ళీ గర్బిస్ గీసిన గడ్డం వైపు చూశాడు. సీసా మళ్ళీ అందుకుని, మూత తీసి ఇచ్చి వెళ్ళిపోయాడు.

సినిమా మరుసటి వేసవిలో విడుదలైంది. గ్లెండేల్ థియేటర్లో అర్మేనియన్లతో నాలుగు వరసలు నిండాయి. గడ్డం ముసలాడు కుండతో గుమ్మంలోకి వచ్చాడు, కాల్చారు, జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు మొదటిసారి గర్బిస్ కొట్టలేదు. "ఆ కుండలో నీళ్ళే ఉన్నాయి," అన్నాడు, ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేలా. నాయనమ్మ మోచేత్తో పొడిచింది.

ఆఖరి సీనొచ్చింది. బాకాలు, జెండా, తుపాకులు. తెర నిండా, ఇంటి కప్పంత ఎత్తున, జావెన్ మొహం. పచ్చటి కళ్ళలో నీళ్ళు ఊరి, నిండి, బుగ్గల మీదికి జారాయి. పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో ఎవరికీ వినపడదు, పైన నూరు వయొలిన్లు పెట్టారు. వెనక వరసలో ఎవరో ప్రార్థన చేస్తున్నాడన్నారు. జనం లేచి నిలబడ్డారు. గర్బిస్ మాత్రం ముందుకి వంగి తెర కింది అంచు వెతికాడు. అక్కడ రెండు క్షణాలు రెండు బూటు అడుగులు కనిపించాయి. కుట్టు తిన్నగా ఉంది. ఆయన ఉన్నది అంతే.

ఆ తర్వాత ఆరు వారాలు మా బాల్కనీకి ఎదురుగా బస్టాపులో ఆ పోస్టరుంది. జావెన్ కన్నీళ్ళు, వెనక జెండా. గర్బిస్ కాఫీ కుర్చీని గోడవైపు తిప్పేసుకున్నాడు. తిప్పుకున్నా మధ్యలో ఒకటి రెండుసార్లు లేచి వెళ్ళి చూసి వచ్చేవాడు. రొట్టెల కొట్లో జావెన్ దగ్గర ఇప్పటికీ డబ్బు తీసుకోరు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆపి, దేశానికి సేవ చేసినందుకు చెయ్యి కలిపి వెళ్తారు. వాడు వినయంగా తల వంచుతాడు. అలాంటి రోజు గర్బిస్‌కి మా నాయనమ్మ వాము కషాయం కాస్తుంది.

"ఏడుస్తున్నదైతే వాడే," అంది నాయనమ్మ ఒకరోజు. "ఎవరి కోసం ఏడుస్తున్నాడో నీకు తెలుసుగా. చాల్లే."

"తెలిస్తే ఏం లాభం? పోస్టరు మీద రాయలేదుగా."

సినిమా చూడాలని వాయిదా వేయించుకున్న మోకాలి ఆపరేషన్‌కి ముందురోజు గర్బిస్ ఉండబట్టలేక జావెన్‌ని నిలదీశాడు. నువ్వే గొప్పని అన్నావా లేదా?

"నేనా?" అన్నాడు జావెన్, ఉల్లిపాయ ముక్కలు ఏరుకుంటూ. "గాడిదా అన్నాను. అంతే."

అయినా ఆసుపత్రికి కారు నడిపింది వాడే, కంటి డాక్టరు ఇంకా వద్దంటున్నా. మంచం పక్కన మధ్యాహ్నమంతా కూచుని, తన సంతకం కోసం వచ్చిన నర్సులందరికీ, "ఇతనూ ఆ సినిమాలో ఉన్నాడమ్మా, కింద చూడండి" అని చెప్పాడు. గర్బిస్ మందు మత్తులోనే పళ్ళు నూరాడు.

ఇదంతా రాసి, మోకాలు ఎత్తుగా దిండు మీద పెట్టుకున్న తాతకి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. అరవై మూడు అన్నచోట వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. గడ్డం దగ్గర చుబుకం తడుముకున్నాడు. జావెన్ ఏడ్చినచోట కిటికీలోకి చూశాడు. అయిపోయాక, ఎలా ఉంది తాతా అని అడిగాను.

"వాడి ఏడుపుకి అంత రాశావు, నేను పడ్డదానికి రెండు మాటలా? ఏడవడం ఎవడికైనా వస్తుందే. పోయి, పడ్డం రాసుకురా."